ఆఖరి అక్షరం పడేదాకా లైట్లు వెయ్యకండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సినిమా హాళ్ళు నడుపుతున్న యజమానులకు, మేనేజర్లకు, ప్రొజెక్టర్ రూములో కూర్చునే ఆపరేటర్లకు, గేటు దగ్గర టికెట్లు చింపే అన్నలకు నమస్కారం.

నేను కార్ల మెకానిక్‌ని. శ్రీకాకుళంలో హైవేకి దగ్గర్లో మా షెడ్డు. చిన్నప్పుడు హెల్పర్‌గా చేరి స్పానర్లు అందించాను, ఇప్పుడు నా దగ్గర నలుగురు పనిచేస్తున్నారు. ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమాల విషయంలో మిమ్మల్ని ఒకటి అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. 2001లో మొదలైన ఆ వరసలో 2023 నాటికి పది భాగాలు వచ్చాయి. పదో భాగాన్ని కథ మధ్యలో ఆపేశారు కాబట్టి ఆఖరిది ఇంకా రావాలి. అది మన ఊరికి వచ్చినప్పుడు, తెర మీద ఆఖరి అక్షరం పడేదాకా హాల్లో లైట్లు వెయ్యకండి, సైడు తలుపులు తియ్యకండి. అడిగేది ఇంతే. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే మాత్రం చాలా వెనక్కి వెళ్ళాలి.

మేం ఈ సినిమాలు చూడడం మొదలుపెట్టింది హాల్లో కాదు. 2005, 2006 ప్రాంతంలో నేను పని నేర్చుకున్న షెడ్డులో ఒక పాత టీవీ, సీడీ ప్లేయరు ఉండేవి. రాత్రి పని అయ్యాక షట్టర్ సగం దించి, అద్దెకు తెచ్చిన సీడీ పెట్టేవాళ్ళం. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ తెర మీద ఎవరైనా బానెట్ ఎత్తితే చాలు, అందరం టీవీ దగ్గరికి జరిగేవాళ్ళం. మొదటి భాగంలో ఒక సుప్రా కారుని లాక్కొచ్చి గ్యారేజీలో పడేస్తారు. తుక్కు కింద అమ్మినా ఎవరూ కొనరు, అలా ఉంటుంది. దాన్ని విప్పి, కడిగి, కొత్త పార్టులు వేసి, నారింజ రంగు కొట్టి నిలబెడతారు. మా మేస్త్రి ఆ భాగాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పించి చూశాడు. "సూడండిరా, ఆళ్ళ సేతులకీ గ్రీజే" అన్నాడు. హీరోల చేతికి అంటిన గ్రీజుని మేం అంత దగ్గరగా చూడడం అదే మొదలు.

నవ్వడం కూడా ఆ షెడ్డులోనే నేర్చుకున్నాం. ఆ రేసుల్లో గేర్లు వేస్తూనే ఉంటారు, కారుకి ఎన్ని గేర్లున్నాయో లెక్క తేలదు. మా మేస్త్రి వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టి "ఆరు దాటిందిరా" అనేవాడు. స్పీడు పెంచే నైట్రస్ గ్యాసు కొట్టగానే కంప్యూటర్ తెర మీద, ఇంజనుకి గాలి అందించే మానిఫోల్డ్‌కి ప్రమాదం అని వస్తుంది, ఆ వెంటనే డ్రైవరు పక్కన కాళ్ళ కింద రేకు ఊడి రోడ్డు మీద పడుతుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కీ కాళ్ళ కింద రేకుకీ ఏ సంబంధమూ లేదు. రోజూ విప్పి బిగించేవాళ్ళం, మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. తెలిసే నవ్వాం, తెలిసే ఈలలు వేశాం.

ఒక రాత్రి బేరింగ్ పోయి మా షెడ్డులో లారీ నిలబెట్టుకున్న డ్రైవరు మామ ఒకాయన మాతోపాటు కూర్చున్నాడు. ఆ మొదటి భాగంలో హీరో ముఠా రాత్రిపూట హైవే మీద పోయే సరుకు లారీల్ని దోచుకుంటుంది. చివరిసారి వెళ్ళినప్పుడు లారీ డ్రైవరు తుపాకీ తీసి ఎదురు తిరుగుతాడు, ముఠాలో ఒకడి ప్రాణం మీదికి వస్తుంది. మేమంతా "అయ్యో, అయ్యో" అంటుంటే ఆ మామ ఒక్కడే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "ఆడి లారీ, ఆడి సరుకు. ఆడేటి సెయ్యాలి మరి?" అన్నాడు. ఇరవై ఏళ్ళవుతున్నా ఆ సీను వస్తే నాకు ఆ మామే గుర్తొస్తాడు. ఈ సినిమాల్ని ఇక్కడ ఎవరు ఎలా చూస్తారో మీకు చెప్పాలనుకున్నప్పుడు మొదట ఆయన్నే తలుచుకున్నాను.

మా అమ్మ సంగతి కూడా చెప్పాలి. ఆవిడ టీవీలో తెలుగులో వచ్చినప్పుడు ముక్కలు ముక్కలుగా చూసింది. కార్ల మీద ఆవిడకి ఏ ఆసక్తీ లేదు. "ఆ గుండాయన పెళ్ళాం బతికే ఉందేటిరా?" అని అడిగింది. నాలుగో భాగంలో చనిపోయిందనుకున్న లెటీ, అంటే ఆ గుండు హీరో డామినిక్ భార్య, ఆరో భాగంలో తిరిగొస్తుంది, గతం మరిచిపోయి, శత్రువుల పక్కన నిలబడి. మా అమ్మకి ఆ కథ ఎవరూ విప్పి చెప్పాల్సిన పని లేకపోయింది. గతం మరిచిపోయిన భార్య, ఎదురు నిలిచిన తమ్ముడు, విలన్‌గా వచ్చి చివరికి ఒకే పంక్తిలో కూర్చునేవాడు, అందరూ కలిసి భోజనానికి కూర్చోవడం. ఇవన్నీ ఆవిడ మన సినిమాల్లో ఎప్పటినుంచో చూస్తున్నవే. మా ఇంట్లో ముగ్గురన్నదమ్ములం. ఒకడు హైదరాబాద్‌లో, ఒకడు చెన్నైలో, నేనిక్కడ. పండక్కి తప్ప ఒక పంక్తిలో కూర్చోం. తెర మీద ఆ బల్ల చుట్టూ అంతమంది కూర్చోగానే అమ్మ టీవీ సౌండు పెంచమనేది.

చదువుకున్నవాళ్ళు కొందరు మమ్మల్ని అడుగుతుంటారు, కారు గాల్లో ఎగిరితే మీరెలా నమ్ముతారని. మేం సుమోలు గాల్లోకి లేచే సినిమాలు చూసి పెరిగినవాళ్ళం. ఒక చెయ్యి ఊపితే పది సుమోలు లేచాయి, చూసి కేకలు పెట్టాం, బయటికొచ్చి అదే సుమోకి క్లచ్ ప్లేటు మార్చాం. ఐదో భాగంలో రెండు కార్లు పెద్ద ఖజానా పెట్టెను తాళ్ళతో కట్టి ఊరంతా ఈడ్చుకుపోతాయి. అంత బరువు అలా రాదని మాకు తెలుసు. తర్వాత తెలిసింది, కొన్ని షాట్ల కోసం ఆ పెట్టె లోపలే ఒక బండి పెట్టి, అందులో స్టంట్ డ్రైవర్ని కూర్చోబెట్టి నడిపించారట. అది విన్నాక మా షెడ్డులో ఆ సీను విలువ ఇంకా పెరిగింది. కిటికీ కూడా సరిగా కనపడని ఇనప పెట్టెలో కూర్చుని కార్ల మధ్య బండి తోలడం ఎంత కష్టమో డ్రైవరుకే తెలుస్తుంది. ఏడో భాగం కోసం విమానంలోంచి నిజంగానే కార్లను కిందికి వదిలారని తెలిసినప్పుడూ అంతే. మా చప్పట్లలో సగం ఆ పేరు తెలియని డ్రైవర్లవి.

ఇక మా బావ గురించి. మేనత్త కొడుకు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. తెల్ల ఇండికా, టాక్సీ స్టాండులో బండి. ఈ సినిమాల పిచ్చి నాకు అంటించింది ఆయనే. మొదటి భాగం చివర్లో పోలీసు కుర్రాడు బ్రయన్, దొంగ డామినిక్‌ని పట్టుకోవాల్సింది పోయి, తన సుప్రా తాళం చేతులో పెట్టి వదిలేస్తాడు. పది సెకన్ల కారు, అంటే పావు మైలు పది సెకన్లలో పోయే కారు, బాకీ ఉన్నానని ముందు ఒప్పుకున్న మాట అది. బావకి ఆ ఒక్క సీను చాలు. బేరంలో పార్టీ మాట తప్పినప్పుడల్లా "సుప్రా ఇచ్చినోడు మనిషిరా" అనేవాడు.

2013లో ఆరో భాగం వచ్చినప్పుడు పెద్ద తెర మీద చూడాలని ఆరుగురం ఆ ఇండికాలో ఇరుక్కుని వైజాగ్ వెళ్ళాం. వంద కిలోమీటర్ల పైమాటే. డీజిల్ పంచుకున్నాం. ఆ సినిమా చివర్లో ఒక పెద్ద విమానం రన్‌వే మీద పరిగెడుతూనే ఉంటుంది, దాని చుట్టూ కార్లు, పైన కొట్లాట, పది నిమిషాలు దాటినా రన్‌వే అయిపోదు. హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే బావ నా చెవిలో "ఒరే, ఇది శ్రీకాకులం కాణ్ణించి నర్సన్నపేట దాకా ఉంటాదిరా" అన్నాడు. వెనక సీట్లోవాళ్ళు కూడా విని నవ్వారు. శ్రీకాకుళం నుంచి నరసన్నపేట ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. ఆ తర్వాత లోకమంతా ఆ రన్‌వే పొడవు లెక్కలు కట్టిందని విన్నాను. మా బావ ఆ లెక్క హాల్లోనే కట్టేశాడు, స్పీడు ఇంత, టైము ఇంత అని, రోజూ చేసే పనే కాబట్టి. నవ్విన మరుక్షణం ఒక పాత్ర చేయి వదిలి పడిపోతే అదే మనిషి కళ్ళు తుడుచుకున్నాడు. రెండూ ఒక్క నిమిషంలోనే.

ఆ ఏడాది అక్టోబరులో ఫైలిన్ తుపాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు పడిపోయాయి, కరెంటు లేదు. బావ వారం రోజులపాటు ఇండికా నిండా బియ్యం, మంచినీళ్ళ డబ్బాలు వేసుకుని సోంపేట వైపు తిరిగాడు. డీజిల్ ఇస్తే చాలన్నాడు. నెలన్నర తర్వాత, నవంబరు 30న, బ్రయన్ వేషం వేసిన పాల్ వాకర్ అమెరికాలో, కాలిఫోర్నియాలో కారు ప్రమాదంలో చనిపోయాడు. 40 ఏళ్ళు. పక్క సీట్లో ఉన్నాడు, నడుపుతున్నది స్నేహితుడు, ఇద్దరూ పోయారు. ఫిలిప్పీన్స్‌లో తుపానుకి నష్టపోయినవాళ్ళ కోసం పెట్టిన కార్యక్రమానికి వెళ్ళి, అక్కణ్ణుంచి బయల్దేరాక జరిగింది. ఈ సంగతి బావ పేపర్లో చదివి మా షెడ్డుకొచ్చి చెప్పాడు. "తుపానోళ్ళ కోసం ఎల్లాడంట్రా" అన్నాడు, అంతకు మించి మాట్లాడలేదు. మర్నాడు ఇండికా వెనకద్దం మీద వాకర్ బొమ్మ స్టిక్కరు వేయించాడు. దాని కింద పేరు తెలుగులో రాయించాడు.

తొమ్మిది నెలల తర్వాత, 2014 ఆగస్టులో, గల్ఫ్ వెళ్ళే పార్టీని వైజాగ్ ఎయిర్‌పోర్టులో దింపి తిరిగొస్తుంటే రణస్థలం దాటాక బావ పోయాడు. రోడ్డు పక్కన లారీ ఆపి ఉంది, వెనక లైటు లేదు, రేడియం స్టిక్కరు లేదు. తెల్లవారుజాము మూడు గంటలు. బండిని లాక్కొచ్చిన చోటికి నన్ను పిలిపించారు, ఎవరి బండో గుర్తుపట్టమని. ముందు భాగం మిగల్లేదు. వెనకద్దం చెక్కుచెదరలేదు, స్టిక్కరు అలాగే ఉంది.

ఇప్పుడు మీ హాలు సంగతికి వస్తాను.

వాకర్ పోయేటప్పటికి ఏడో భాగం షూటింగు మధ్యలో ఉంది. 2014 జులైలో రావాల్సిన సినిమా 2015 ఏప్రిల్‌కి పోయింది. మిగిలిన సీన్లు ఆయన తమ్ముళ్ళు కేలబ్, కోడీ నిలబడి చేశారు, వాళ్ళ మీద కంప్యూటర్‌తో అన్న ముఖం పెట్టారు. బ్రయన్ పాత్రని చంపలేదు. భార్యాపిల్లలతో బతకడానికి ఈ పనుల్లోంచి తప్పుకున్నట్టు కథ మార్చి, ఆయనకి వీడ్కోలు చెప్పే సీను చివర్లో పెట్టారు. ఇదంతా మాకు ముందే తెలుసు. పేపర్లలో వచ్చింది, ఫోన్లలో చూశాం. ఆ చివరి సీను కోసమే టాక్సీ స్టాండు నుంచి పద్నాలుగు మంది, మా షెడ్డు నుంచి నలుగురం, మాతోపాటు బావ తమ్ముడు, మొదటి ఆదివారం మ్యాట్నీకి వచ్చాం. పదహారేళ్ళ గుంటడు. అన్న పోయాక సినిమాకి రావడం అదే మొదలు. ఏ హాలో రాయను, ఆ తర్వాత వేరే చోట్ల కూడా ఇదే చూశాను కాబట్టి ఒక్కరి మీద పెట్టడం న్యాయం కాదు.

హాలు నిండిపోయింది. తెలుగులో వేశారు, సౌండు బావుంది, ఆ విషయంలో మీకు దండం పెట్టాలి. అబుదాబిలో ఎర్ర కారు ఒక టవర్లోంచి ఇంకో టవర్లోకి దూకినప్పుడు బాల్కనీలోంచి ఒకాయన "ఆ టవర్లు కట్టినప్పుడు నాను అక్కడే ఉన్నాను" అని గట్టిగా అరిచాడు. ఒక్క క్షణం అందరూ తెర వదిలి ఆయన వైపు చూసి ఈలలు వేశారు. గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళు మన జిల్లాలో ఎంతమంది! ఎవరు బిగించిన అద్దాలు బద్దలవుతున్నాయో ఆయనకి తెలుసు.

ఆ తర్వాత సముద్రం ఒడ్డున బ్రయన్ కొడుకుతో ఆడుకుంటుంటాడు. మిగతావాళ్ళు దూరంగా కూర్చుని చూస్తుంటారు. డామినిక్ చెప్పకుండా లేచి వెళ్ళిపోతాడు. హాల్లో చప్పుడు తగ్గిపోయింది. అతను రోడ్డు మీద ఆగితే పక్కకి ఒక తెల్ల సుప్రా వచ్చి ఆగుతుంది. అది వాకర్ సొంత కారు. మొదటి భాగంలో తాళం చేతిలో పెట్టిన సుప్రా గుర్తున్నవాళ్ళకి ఆ కారు రావడంతోనే గొంతు పట్టేస్తుంది. నా పక్కనున్న గుంటడు నా మణికట్టు పట్టుకున్నాడు. టాక్సీలన్నీ తెల్లవే. వాళ్ళన్నదీ తెల్లదే.

సరిగ్గా అప్పుడు లైట్లు వేశారు. పడమటి వైపు సైడు తలుపులు తీశారు. సాయంత్రం ఐదు గంటల ఎండ నేరుగా తెర మీద పడింది. తెర మీద కార్లు రెండు తెల్లటి మరకల్లా అయిపోయాయి. బయట ఫస్ట్ షోకి వచ్చినవాళ్ళ బళ్ళు, హారన్లు, పల్లీలమ్మే కేకలు లోపలికొచ్చాయి. "లైట్లు ఆపండి, తలుపులెయ్యండి" అని మేం పంతొమ్మిది మందిమీ అరిచాం. ఎవరో పరిగెత్తి తలుపు మూయబోయారు. అంతలో ప్రొజెక్టర్ కూడా ఆపేశారు. తలుపు దగ్గరున్నాయన మామీద కోపంతో కాదు, మామూలుగానే చెప్పాడు: "ఇంగ్లీసు సినిమాకి ఎండింగేటి బాబూ, కార్లే కదా. అయిపోనాది, దిగండి."

గుంటడు సీట్లోంచి లేవలేదు. నా మణికట్టు వదలకుండా అడిగాడు. "బావా, ఏటయింది? రెండు కార్లూ కలిసే ఎల్లాయా, ఇడిపోనాయా?"

నేను కూడా చూడలేదు, ఏం చెప్పను?

తర్వాత నేను ఫోన్లో చూశాను. కొంత దూరం పక్కపక్కనే వెళ్తాయి, రోడ్డు రెండుగా చీలుతుంది, డామినిక్ కారు ఒక వైపు, తెల్ల సుప్రా ఇంకో వైపు. కెమెరా సుప్రా వెళ్ళే దారి మీదుగా ఆకాశంలోకి పోతుంది. తెర తెల్లబడి "పాల్ కోసం" అని ఇంగ్లీషులో చిన్న అక్షరాలు పడతాయి. ఆ అక్షరాలు మన ఊళ్ళో ఆ ఆట చూసినవాళ్ళు ఎవరూ చూడలేదు. మా గుంటడికి ఫోను చూపించబోతే వద్దన్నాడు. "హాల్లో సూస్తాను" అన్నాడు. వారం తిరక్కుండా సినిమా మార్చేశారు.

మీ ఇబ్బందులు నాకు తెలియక కాదు. రోజుకి నాలుగు ఆటలు, ఆటకీ ఆటకీ మధ్య ఊడ్చుకోవడానికి ఇరవై నిమిషాలు కూడా ఉండవు. ఏసీ కరెంటు బిల్లు ఎంతొస్తుందో మా షెడ్డుకొచ్చే మీ హాలు మేనేజరే చెప్పాడు. కరోనాలో నెలల తరబడి తాళాలు వేసుకున్నారు, 2021లో టికెట్ రేట్ల గొడవ, ఆ తర్వాత ఓటీటీలు. మా చిన్నప్పటి హాళ్ళలో కొన్ని కల్యాణ మండపాలయ్యాయి. ఉన్నవాటిని నిలబెడుతున్న మీరంటే నాకు గౌరవం ఉంది. ఇంకో సంగతి కూడా ఒప్పుకుంటాను. ఈ అలవాటు మీ ఒక్కరిదీ కాదు. పాత రోజుల్లో క్లైమాక్స్ అయి, అందరూ వరసగా నిలబడి నవ్వుతూ "శుభం" పడబోతుందంటే జనమే ముందు లేచి గేటు దగ్గరికి నడిచేవారు. సైకిలు స్టాండులో రద్దీ తప్పించుకోవాలని మా నాన్న కూడా నన్ను చెయ్యి పట్టుకుని అలాగే లాక్కెళ్ళేవాడు. అక్కణ్ణుంచి వచ్చిన అలవాటే మీ తలుపులకీ ఉంది. కానీ ఆ రోజు మేం లేవలేదు. ఒక్కరు కూడా లేవలేదు. అది మీవాళ్ళు చూసుంటే సరిపోయేది.

ఆ ఏడో భాగం మన దేశంలో వంద కోట్ల నెట్ వసూలు దాటిన తొలి హాలీవుడ్ సినిమా అని పేపర్లలో వేశారు. ఆ డబ్బంతా హైదరాబాద్, బొంబాయి మల్టీప్లెక్సుల్లోంచే రాలేదు. నలభై రూపాయలూ యాభై రూపాయలూ పెట్టి మాలాంటివాళ్ళు కొన్న టికెట్లు కూడా అందులో ఉన్నాయి.

ఎనిమిదో భాగం గురించి చెప్పడానికి పెద్దగా లేదు, వాకర్ లేని లోటు కనిపించింది. తొమ్మిదోది 2021లో సగం సీట్లతో నడుస్తున్న రోజుల్లో చూశాను. కారుకి రాకెట్ కట్టి అంతరిక్షంలోకి పంపారు. నాకు నచ్చలేదు. హాల్లో కూడా ఎవరూ చప్పట్లు కొట్టలేదు, నవ్వారంతే. ఆ నవ్వు మా బావ రన్‌వే నవ్వులాంటిది కాదు. రోడ్డు మీద చక్రం ఉన్నంతసేపూ మేం ఎంత అబద్ధమైనా ఒప్పుకుంటాం. చక్రం కింద రోడ్డు లేకపోయేసరికి డ్రైవర్లకి చూడడానికి ఏమీ మిగల్లేదు. మన జనం దేనికి పడితే దానికి ఈల వేస్తారనుకునేవాళ్ళు ఆ రోజు హాల్లో ఉండాల్సింది. అదే సినిమాలో, చనిపోయాడనుకున్న హాన్, డామినిక్ ముఠాలోవాడు, తిరిగి కనిపిస్తే మాత్రం కుర్చీలు విరిగేలా అరిచారు. ఎక్కడ అరవాలో ఎక్కడ ఊరుకోవాలో వాళ్ళకి బాగా తెలుసు.

2023 మేలో పదో భాగం. డామినిక్ కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని డ్యామ్ గోడ మీంచి కారు కిందికి దూకిస్తాడు, నీళ్ళలో పడతారు. పైన డ్యామ్‌కి బాంబులు పెట్టానని విలన్ చెబుతాడు. ఇంకొక్క ముక్క చూపించి సినిమా ఆపేశారు. అది తీసినవాళ్ళు ఆపిందే. కానీ మా హాల్లో జనం ఒక్కసారిగా వెనక్కి తిరిగి ప్రొజెక్టర్ రూము వైపు చూసి తిట్టడం మొదలెట్టారు, మళ్ళీ మీరే కోసేశారని. ఆపరేటరు కుర్రాడు పాపం కిటికీలోంచి చెయ్యి ఊపుతూ "నాను కాదు, నాను కాదు" అన్నాడు. నిజంగానే ఆ అబ్బాయి తప్పు లేదు. కానీ అంతమందికి ఆ అనుమానం ఎందుకొచ్చిందో మీరు ఆలోచించాలి. పేర్లు పడుతుండగా ఇంకో సీను వస్తుంది, డ్వేన్ జాన్సన్ పాత భాగాల్లోని పోలీసు హాబ్స్‌గా తిరిగొస్తాడు. అప్పటికి మీవాళ్ళు లైట్లు వేసి తలుపులు తీసేశారు. సగం మంది మెట్ల మీదున్నారు. ఆ సీను ఉందని ముందే తెలిసిన ముగ్గురు కుర్రాళ్ళు మాత్రం తెర ముందు నిలబడి వెలుతురులో కళ్ళు చికిలించుకుని చూశారు.

ఈ సినిమాలు కుర్రాళ్ళని పాడుచేస్తున్నాయని, రిలీజు రోజున బైకుల సైలెన్సర్లు విప్పుకుని వస్తారని మీలో ఒకరిద్దరు నాతో అన్నారు. వస్తారు, నిజమే. నా షెడ్డుకి కూడా వస్తారు, సైలెన్సర్ కోసి పెట్టమని. నేను కొయ్యను. బావ బండి ఎలా ఉందో కూర్చోబెట్టి చెప్తాను, కొందరు వింటారు, కొందరు వేరే షెడ్డుకి పోతారు. ఆ సినిమాల్లో బండి తోలేవాళ్ళు ఏళ్ళ తరబడి నేర్చుకున్నవాళ్ళని, రోడ్లు మూసి తీస్తారని కూడా చెప్తాను. ఇంతకీ మా బావ ఆ రాత్రి రేసు ఆడలేదు. తన లేన్లో తను వస్తున్నాడు. రోడ్డు పక్కన చీకట్లో ఆపిన లారీకి వెనక రెండు రేడియం స్టిక్కర్లు ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన పని ఉండేది కాదు. మీరు ఇంటర్వెల్‌లో నగల షాపుల స్లైడ్లు వేస్తారు కదా, మా టాక్సీ స్టాండు తరఫున దాని మీద ఒక స్లైడు ఇస్తాం, డబ్బు కట్టే వేయించుకుంటాం. ఆఖరి భాగం ఆడినన్నాళ్ళూ వెయ్యండి.

మిగతావి చిన్న చిన్న విషయాలు. తెలుగు ప్రింటు తప్పకుండా తెప్పించండి, ఉదయం ఆటకి మాత్రమే పెట్టి వదిలెయ్యకండి. డ్రైవర్లు ఉదయం బండి మీదుంటారు, వాళ్ళకి కుదిరేది మ్యాట్నీ, లేదంటే సెకండ్ షో. సినిమా నిడివి పేర్లతో కలిపి లెక్కపెట్టుకుని తర్వాతి ఆట టైము వేసుకోండి. పది నిమిషాలు ఆలస్యమైతే బయట నిలబడే పనికి మేం కూడా సాయం చేస్తాం, బళ్ళు సర్దే కుర్రాళ్ళున్నారు. సౌండు తగ్గించకండి. వీ-ఎయిట్ ఇంజను ఐడిలింగ్‌లో కొట్టుకునే చప్పుడు ఫోన్లో వినపడదు, దాని కోసమే మీ దగ్గరికి వస్తాం.

మా గుంటడు ఇప్పుడు గుంటడు కాదు. ఇరవై ఏడేళ్ళవాడు, సౌదీలో, దమ్మాంలో ట్రెయిలర్ తోలుతున్నాడు. ఏడో భాగం చివరి సీను ఇప్పటికీ చూడలేదు. ఫోన్లో కళ్ళ ముందుకొచ్చినా తిప్పేస్తాడట. ఆఖరి భాగం ఎప్పుడొస్తుందో తేదీ చెప్తే సెలవు పెట్టుకుని వస్తానన్నాడు, అదే హాలుకి, అదే వరసకి. మొదటి ఆదివారం మ్యాట్నీకి ఇరవై రెండు టికెట్లు కావాలి, ఒకే వరస, పడమటి గోడ వైపు. అడ్వాన్సు ఎప్పుడు కట్టమంటే అప్పుడు తెచ్చి కడతాను. మా వరస చివర సైడు తలుపు ఉంటుంది. దాని దగ్గర నిలబడే అన్నకి ముందే చెప్పి ఉంచండి.

ఇట్లు,
ఒక కార్ల మేస్త్రి,
శ్రీకాకుళం